అత్త చేతి సూది

మా అత్త కల్లమ్మకు ఇన్సులిన్ మొదలుపెట్టింది దీపావళి వెళ్లిన వారానికి. అప్పటికి ఆరేళ్లుగా షుగరు మాత్రలు మింగుతోంది. మింగుతోందనే మేమంతా అనుకున్నాం. ఎడమ కాలి బొటనవేలి పక్కన పుండు ఎంతకీ మానకపోతే నారాయణఖేడ్‌లో సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. షుగరు మూడు వందల ఎనభై వచ్చింది. పొద్దున పద్దెనిమిది యూనిట్లు, సాయంత్రం పన్నెండు అని డాక్టర్ చీటీ మీద రాశాడు. సూది వేసుకున్న అరగంట లోపల తప్పకుండా తినాలని రెండుసార్లు చెప్పాడు.

అత్త ఆ చీటీ వైపు కూడా చూడలేదు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుంది.

"మీ మామకు సూది మొదలువెట్టిన్రు. నెల తిరగలే, పోయిండు."

మామ సిద్రామప్ప పోయింది కిడ్నీలు చెడిపోయి. ఆ సంగతి ఎవరు చెప్పినా ఆమె చెవికెక్కదు.

"నాతోని కాదు సుమంగళా. నేను పొడుసుకోను."

"నువ్వెందుకు పొడుసుకుంటవ్ అత్తా? నేనేస్త గద," అన్నాను.

షుగరు పేషెంట్లను చూసే గదిలో సిస్టర్ గ్రేసమ్మ నాకు సూది వేయడం నేర్పింది. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. నేను రెండు సార్లకే నేర్చుకున్నందుకు మెచ్చుకుని, "అవ్వకు గూడ నేర్పాలె. రోజు నువ్వే ఉంటవా ఏంది?" అంది.

"నేనేడికి పోత సిస్టరమ్మా," అని నవ్వాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. సూది నా చేతికి రావడం నాకు నచ్చింది. పెళ్లై వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఏ పూట ఏం వండాలో, పిండి ఎప్పుడు పట్టించాలో, చేలోకి ఎవరిని కూలికి పిలవాలో అన్నీ అత్తే చెప్పేది. నాగల్‌గిద్ద దారిలో మాకున్న ఆరెకరాల కందిచేను ఆమె మాట మీదే నడిచేది. మా ఆయన నందీశ్వర్ అమ్మను అడగకుండా విత్తనం సంచి కూడా కొనడు. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున ఎనిమిది గంటలకు కొంగు పక్కకు జరిపి, నా ముందు కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకునేది. "అయిందా?" అని అడిగేది. "అయింది," అని నేను చెప్పేదాకా తెరిచేది కాదు.

ఎంత తినాలో నేనే లెక్క పెట్టాను. పూటకు ఒకటిన్నర జొన్న రొట్టె, ఒక గిన్నె పప్పు, ఆకుకూర. రొట్టె తుంచి పళ్లెంలో పెట్టేది నేను. వేలు పొడిచి మిషన్‌లో చూసేదీ నేనే. డిసెంబర్ నెల మొదట్లో పక్కింట్లో తొట్టెల పండుగ అయింది. అక్కడ ఆమె రెండు తీపి భక్షాలు తిన్నదని సాయంత్రం మిషన్ చెప్పింది. మూడు వందల పది. నేను ఆగలేకపోయాను. వాకిట్లో, పక్కింటి ఆడవాళ్లు వింటుండగానే అరిచాను.

"ఇంకోపారి నన్నడగకుంట ఏమన్న నోట్లె వెట్టినవంటె సూది ఎయ్య. ఇగ నీ ఇష్టం!"

ఆమె లోపలికి పోయి కూర్చుంది. ఆ రోజు నుంచి జామకాయ ముక్క తినాలన్నా నా వైపు చూసేది. నెల తిరిగేసరికి షుగరు నూట నలభైకి దిగింది. పుండు కూడా కొంచెం ఎండింది. డాక్టర్ నన్ను మెచ్చుకున్నాడు. గ్రేసమ్మ మాత్రం అత్తను అడిగింది:

"అవ్వా, ఎప్పుడన్న చెమటలు వట్టి, చేతులు వణికితె ఏం జేస్తవ్?"

అత్త నా ముఖంలోకి చూసింది. "సుమంగళకు ఎరుకే," అంది.

జనవరిలో కంది కోసి కుప్ప వేశాం. కందులు కొట్టే మిషన్ ఆ సంవత్సరం దొరకడమే కష్టమైంది. ఊళ్లో అందరి కుప్పలూ ఒకేసారి పడ్డాయి, మబ్బు కూడా పడుతోంది. మా ఆయన పని మీద జహీరాబాద్ పోయిన రోజు, పొద్దున ఎనిమిదింటికి ఒక్క నిమిషం అటూ ఇటూగా, కూలీల మేస్త్రి హనోకు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, మిషనొచ్చింది. నువ్వు జల్దీ రావాలె. లేకుంటె పక్క చేన్లకు పోతమంటున్రు."

అప్పటికే ఇన్సులిన్ సిరంజిలోకి ఎక్కించి పట్టుకున్నాను. ఎనిమిదింటి సూది ఎనిమిదింటికే పడాలని నాకు పట్టుదల. రెండు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. ఆ రోజు కూడా వేశాను. రొట్టెలు కాల్చి బుట్టలో పెట్టి గుడ్డ కప్పి ఉన్నాయి. పప్పు ఇంకా పొయ్యి మీద ఉంది. పొయ్యి ఆపేశాను.

"అత్తా, మిషనోనికి చెప్పి అరగంటల వస్త. వచ్చినంక తిండి వెడత. అప్పటిదాంక ఏం ముట్టకు."

"సరే, పోయి రా," అంది.

స్కూటీ మీద చేను పది నిమిషాల దూరం. పోయి చెప్పి రావాలనే అనుకున్నాను. మిషన్ మొదలైన పది నిమిషాలకు బెల్టు తెగింది. కొత్త బెల్టు తెచ్చేలోపు మిషన్ వాడు వెళ్లిపోతాడేమోనని నేను కదల్లేదు. అత్త తిన్నదో లేదో అన్న ఆలోచన ఒకసారి వచ్చింది. వచ్చినా, ఆకలైతే తినదా అనుకున్నాను. ఇల్లు చేరేసరికి పదకొండు కావస్తోంది.

అత్త గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వాలి ఉంది. రవిక తడిసి ముద్దయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. "అవ్వా, బాగిలు తెగి... బాగిలు తెగి అవ్వా," అంటోంది. చిన్నప్పటి కన్నడంలో, ఎప్పుడో పోయిన తన తల్లిని తలుపు తీయమని అడుగుతోంది. మా తలుపు బార్లా తెరిచే ఉంది.

రొట్టెల బుట్ట ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పైన కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది.

ఆటోలో ఎలా ఎక్కించానో, ఎవరు సాయం పట్టారో నాకు సరిగా గుర్తు లేదు. దవాఖానలో చూస్తే షుగరు ముప్పై ఎనిమిది. గ్రేసమ్మ పరుగున వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి అత్త కళ్లలోకి చూపు తిరిగి వచ్చింది.

"ఏమైందవ్వా? సూదేసుకొని తినలేదా?" గ్రేసమ్మ అడిగింది.

"సుమంగళ రాలే గద," అంది అత్త. మళ్లీ కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నానికి మా ఆయన వచ్చాడు. మంచం దగ్గర నిలబడి తల్లి ముఖం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఎట్లయింది?" అన్నాడు.

"సూదేసి చేనుకు పోయిన. రొట్టెలు పక్కకే పెట్టిన. తినుడు మర్సిపోయింది," అన్నాను.

అబద్ధం అంత సులువుగా వస్తుందని నేను అనుకోలేదు. రొట్టెలు పక్కనే ఉన్నాయన్నది నిజమే. ఆ నిజం సాయంతో అబద్ధం నిలబడింది. సెలైన్ సీసా మారుస్తున్న గ్రేసమ్మ ఒక క్షణం ఆగింది.

అత్తకు ఆ పొద్దు ఏదీ గుర్తు లేదు. సూది వేయించుకున్నది గుర్తు లేదు, దవాఖానలో అన్న మాట గుర్తు లేదు. కొడుకు చెప్పిందే నమ్మింది.

"నాకు తిన్నదో తినందో గూడ యాదికుంటలేదా నందీ?"

"ఉంటలేదమ్మా. పక్కల రొట్టెలు వెట్టుకొని పడిపోయినవ్," అని ఆయన విసుక్కున్నాడు. భయపడ్డ మనిషి విసుగు అది. ఆమెకు ఆ తేడా తెలియలేదు.

ఇంటికొచ్చాక ఆమె వేరే మనిషైంది. "పొయ్యి బందువెట్టిన్నా?" అని నాలుగు సార్లు అడిగేది. తల దువ్వుకుని, దువ్వుకున్నానా అని అడిగేది. ఒక రోజు కందులు పోసిన గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే ఉంచుకో. నేను మతి మర్సిన దాన్ని. ఏడనన్న పడేస్త."

పద్దెనిమిదేళ్లలో ఆ తాళంచెవి ఆమె నడుము నుంచి కదలలేదు. నేను తీసుకున్నాను. ఆ రోజంతా అది నా కొంగు ముడిలో బరువుగా వేలాడింది.

పది రోజుల తర్వాత దవాఖానకు మా ఆయన కూడా వచ్చాడు. గ్రేసమ్మ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"ఇగ అవ్వే ఏసుకోవాలె. అవ్వే చూసుకోవాలె. గిట్ల ఒకరి మీద ఆధారపడితె మల్ల గట్లనే అయితది."

"ఏం మాట్లాడుతున్నవ్ సిస్టర్?" అన్నాడు మా ఆయన. "తినాల్నన్న సంగతే యాదికుండదు, సూదేం ఏసుకుంటది?"

"అవునమ్మా. నాతోని కాదు. నాకు మతి లేదు," అని అత్త తల ఊపింది.

గ్రేసమ్మ నన్ను మందుల కోసమని వరండాలోకి పిలిచింది.

"గా రోజు అవ్వ కండ్లు తెరిచి ఏమన్నదో నేనిన్న. నువ్వు నీ మొగనికి ఏం చెప్పినవో అది గూడ ఇన్న. నేనైతె ఎవ్వరికి చెప్ప. అది నా పని కాదు." మందుల పొట్లం నా చేతిలో పెట్టింది. "కాని ఆమె మతి పోయిందనుకుంటుంది సుమంగళా. గట్లనుకునే మనిషికి నేనేం నేర్పుత?"

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి కూడా వారం రోజులు నోరు విప్పలేదు. చెబితే ఏమవుతుందో రోజూ ఊహించుకునేదాన్ని. మా ఆయన ముఖం, చుట్టాల మాటలు. చెప్పకపోయినా ఏమీ కాదు, ఆమెను నేనే బాగా చూసుకుంటాను, ఇంకెప్పుడూ ఆలస్యం చేయను అని నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. అలా సర్ది చెప్పుకున్న ప్రతి పూటా ఆమె నన్ను, "నేను తిన్ననా?" అని అడిగేది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె వాకిట్లో చేటలో కందులు పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను తడి బట్టలు దండెం మీద వేస్తున్నాను.

"అత్తా, గా రోజు నువ్వు మర్సిపోలే."

ఆమె చెయ్యి ఆగింది.

"నేనే తినొద్దన్న. నేనొచ్చేదాంక ఏం ముట్టకన్న. నువ్వు నా మాట మీద కూసున్నవ్."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకొకటి ఏరింది.

"రొట్టెలుండెనా?"

"ఉండె."

"ఏడ?"

"నీ పక్కకే. బుట్టల."

ఆమె నా వైపు చూడకుండా చేటలోకి చూస్తోంది. "అయితె నాకు మతి పోలే," అంది.

"పోలే."

"నందికి చెప్పినవా?"

"లే."

"చెప్పు."

చేట ఎత్తి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం మా ఆయన కాళ్లు కడుక్కుంటుండగా చెప్పాను. మగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మా అమ్మను నేను తిట్టిన," అన్నాడు. అంతే. పోయి తల్లి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నాతో మాత్రం పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు కూడా మాట్లాడింది ఎరువుల సంగతి.

మా ఆయనకు చెప్పిన మర్నాడే ఎనిమిదింటికి నేను సిరంజి పట్టుకుపోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇటియ్యి."

"నీకు రాదు గదత్తా."

"ఈ ఒక్క పూట నువ్వెయ్యి. మల్ల నన్ను గ్రేసమ్మ దగ్గరికి తీస్కపో." కొంగు జరిపింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. సూది మొన నుంచి నా వేళ్ల దాకా అంతా చూసింది. "అయిందా?" అని అడగలేదు.

గ్రేసమ్మ ఒక బత్తాయి తెచ్చి, ఉట్టి నీళ్లు ఎక్కించిన సిరంజి ఇచ్చింది. అత్త చెయ్యి వణికింది. సిరంజి గీతలు ఆమె కళ్లకు ఆనలేదు.

"కాదమ్మా. గివి సదువుకున్నోల్ల పనులు."

"అవ్వా, కందిచేనుకు పురుగుల మందు కొట్టేటప్పుడు ఎవరు కలిపేది?"

"నేనే. ఇంకెవరు?"

"ఎంత కలపాలెనో ఎట్ల తెలుసు?"

"మూత ఉంటది గద. డబ్బకు రెండు మూతలు."

"ఎక్కువైతె?"

"చెట్టు మాడిపోతది. ఇరవై ఏండ్లు కలిపిన, ఒక్క చెట్టు మాడనియ్యలే," అంది అత్త కోపంగా.

"గప్పుడు చెయ్యి వణికెనా?"

గ్రేసమ్మ తన సంచిలోంచి గోళ్ల రంగు తీసి ఒక సిరంజి మీద పద్దెనిమిది దగ్గర ఎర్ర గీత పెట్టింది. ఇంకో సిరంజి మీద పన్నెండు దగ్గర నీలి గీత పెట్టింది. "ఎర్రది పొద్దుగాల. నీలిది సాయంత్రం. గీత కాడికి గుంజు." అత్త సిరంజిని ముక్కు దగ్గరకు తెచ్చుకుని గుంజింది. బత్తాయిని ఎంత గట్టిగా పొడిచిందంటే సూది వంగింది. గ్రేసమ్మ ఇంకో సూది ఇచ్చింది. నన్ను మాత్రం పోయి వరండాలో కూర్చోమంది.

ఇంట్లో మొదటిసారి వేసుకున్నప్పుడు మందు సగం బయటికి కారింది. రెండో రోజు నల్లగా కమిలింది. నా చేతులు ముందుకు పోతుంటే వెనక్కి లాక్కునేదాన్ని. ఒక వారం షుగరు రెండు వందల తొంభై దగ్గరే ఆగింది. ఆమె మిషన్‌ను మంచం మీదికి విసిరేసింది. "చెప్పిన గదా, నాతోని కాదని!" అంది. అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నేను ఒక్క మాట అంటే చాలు, సూది మళ్లీ నా చేతికి వచ్చేది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

మరుసటి రోజు ఆమె తనే ఆటో ఎక్కి దవాఖానకు పోయింది. తిరిగొచ్చి నా ముందు నిలబడి, పొట్ట కుడి పక్క చూపించింది.

"ఈడ గడ్డ కట్టింది. రోజు ఒక్క జాగలనే పొడిస్తె గడ్డ కడ్తదట. మందు లోపటికి పోదట. గ్రేసమ్మ చెప్పింది. జాగ మార్సుకుంట పోవాలె."

రెండు నెలలు అక్కడే పొడిచింది నేను. నాకు అనువుగా ఉండేదని. ఆమె ఆ మాట అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. ఎడమ పక్కకు మార్చింది, తర్వాత తొడకు. పదిహేను రోజులకు నూట అరవై దాకా దిగింది. గ్రేసమ్మ మళ్లీ పాత ప్రశ్న అడిగింది. ఈసారి అత్త నా ముఖం చూడలేదు.

"చెమటొస్తె ఎవ్వర్ని అడగ. మూడు చెంచాల చక్కెర తింట. పావుగంటకు వేలు పొడుసుకొని చూసుకుంట. మల్ల అన్నం తింట. ఎవలు అద్దన్నా తింట."

చివరి మాట నా కోసమే.

శివరాత్రి వెళ్లాక ఆమె తమ్ముడు శంభులింగ మనుమరాలి పెళ్లి వచ్చింది. కర్ణాటకలో, ఔరాద్ దగ్గర పల్లె. నాలుగు రోజులు ఉండాలి. మేమిద్దరం శనగలు కోసే పనిలో ఉన్నాం. "ఒక్కదానివి ఎట్ల పోతవమ్మా?" అని మా ఆయన గొణిగాడు. "బస్సుల పోత," అంది. ఇన్సులిన్ సీసా తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. సంచి ఆమే సర్దుకుంది. నేను గడప దగ్గర నిలబడి చూశాను. ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో నాకే తెలియదు. ఒక్కసారి చేశాను. పెళ్లి ఎలా జరిగిందని అడిగాను, షుగరు సంగతి అడగలేదు. పెళ్లిలో వడ్డించిన కూరలన్నీ చెప్పి పెట్టేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం సంచితో వాకిట్లోకి వచ్చింది. ఎండకు ముఖం నల్లబడింది. వేలి పుండుకు కొత్త కట్టు ఉంది. అది ఇంకా పూర్తిగా మానలేదు. అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.

"బస్సుల చెమటలు వట్టినయి," అంది, ఊళ్లో ఎవరికో ఏదో అయినట్టు. "పెండ్లింట్ల గడబిడల సగం తిని బస్సెక్కిన. చేతులు గడగడ వణికినయి."

"మరి?" అన్నాను.

"చక్కెర పొట్లముండె, తిన్న. పక్కనున్నామె నీళ్లిచ్చింది. పావుగంటకు మిషన్ తీసి చూసుకున్న. తొంభై రెండు. మల్ల రెండు రొట్టెలు తిన్న. బస్సుల అందరు నన్నే చూసిన్రు."

"నాకు ఫోన్ చెయ్యకపోతివి అత్తా?"

"చేద్దామనే తీసిన. నీ పేరు మీద వేలు గూడ వెట్టిన." ఆమె కాలి కట్టు సర్దుకుంది. "మల్ల ఎందుకులే అనిపిచ్చింది. నువ్వు ఈడుండి ఏం జేస్తవ్?"

కోపంతో అన్న మాట కాదు. దెప్పడం కూడా కాదు. బస్సులో తనకు తట్టింది తట్టినట్టు చెప్పింది. నిజమే, ఇక్కడుండి నేనేం చేస్తాను? గ్రేసమ్మ వింటే ఎగిరి గంతేసేది. నాకు మాత్రం ముందు గుండెలో కలుక్కుమంది. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి, తెచ్చి ఆమె చేతికి ఇచ్చేటప్పుడు సంతోషం వచ్చింది.